జత తాళం

నమోదు 41

బండి సంగతి: మూడో నంబరు బండి. వెనక ఎడమ చక్రం కీచుమంటోంది, గ్రీజు పెట్టాను. మంచు డబ్బాలన్నీ నిండుగా తెచ్చాను. ఎక్కడా గీతలు పడలేదు.

ఇక్కడితో ఆపేయాలి. లాగ్‌లో బండి సంగతులు తప్ప ఇంకేమీ రాయొద్దని మా బండ్ల ఆఫీసు పెద్ద సరోజినిగారు మొత్తుకుంటూనే ఉంటారు. కానీ తోలేవాడి మనసు బాగుంటేనే కదా బండి బాగుండేది! అందుకని నా మనసు సంగతి కూడా బండి సంగతి కిందే లెక్క. పైగా ఈరోజు రాయకపోతే నా పొట్ట పగిలిపోయేలా ఉంది.

పెద్ద గొయ్యిలోకి దిగే బండి నేనే తోలుతున్నాను! కొత్తలంకలో ఇంతమంది డ్రైవర్లుండగా నేను, తాతబ్బాయిని! చంద్రుడి మీద మా మూలన ఉన్న ఆ గోతిలోకి సూర్యుడు ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. అడుగున చీకట్లో ఎంత మంచుందో ఎవరికీ తెలీదు. ఇన్నాళ్ళూ మేం గీక్కుంటున్న చిన్న గొయ్యి అడుగంటిపోతోంది. రొయ్యల చెరువులో నీళ్ళు మోకాలి లోతుకి వచ్చాయి. పెద్ద గోతిలో మంచు దొరికితే చెరువు నిండుతుంది, రెండో సొరంగం తవ్వుకోవచ్చు, ఇంకో వంద కుటుంబాలు ఇక్కడ బతకొచ్చు. సరోజినిగారు నా పేరు చదవగానే ఎగిరి గంతేశాను. సొరంగం కప్పుకి తల ఠంగుమని కొట్టుకుంది. ఇక్కడ సంతోషం వస్తే ముందు పైకి చూసుకోవాలని చిన్నప్పటినుంచీ చెబుతూనే ఉన్నారు, నాకే బుర్రకెక్కలేదు.

ఇది సగమే. రెండో సగం హైమ.

హైమ చెరువు దగ్గర నీళ్ళలోకి గాలి కొట్టే మరలు చూస్తుంది. ఆ మరల చప్పుడులో మాట వినపడదని కొంచెం గట్టిగా మాట్లాడే అలవాటు. ఆ గొంతుతోనే ఈరోజు గేటు దగ్గర అందరూ వినేలా అంది: "ఇకనుంచి తాతబ్బాయికి జత చూపు నేనే చూస్తాను. ఇంకెవరూ చూడక్కర్లేదు."

గేటు దగ్గర ఈలలు! మా ఊళ్ళో ఎవరు బయటికి అడుగు పెట్టాలన్నా జత చూపు జరగాల్సిందే. ఎదుటివాళ్ళ సూటుకి మెడ తాళం పడిందా, మణికట్టు పట్టీలు బిగిశాయా, ఎంత గాలుందో చూపే గాలి ముల్లు ఎక్కడుంది అని చూసి "నీది చూశాను" అనాలి. వాళ్ళు మనది చూసి "నీదీ చూశాను" అనాలి. రెండు మాటలూ వినబడ్డాకే గేటు తీస్తారు. ఒక అమ్మాయి ఒక అబ్బాయికి రోజూ జత చూస్తానంటే దానర్థం ఏంటో కొత్తలంకలో పసిపిల్లలకి కూడా తెలుసు.

హైమ నా మెడ తాళం మూడుసార్లు చూసింది. తను కూడా సూటు వేసుకుని బండిదాకా సాగనంపడానికి వచ్చింది. నేను తన గాలి ముల్లు చూడబోతే "నాది నేను చూసుకున్నాన్లే" అని నవ్వింది. గేటు తీసే వీరమణి అత్త కూడా నవ్వేసి గేటు తీసింది.

"అదురుష్టం అంటే నీదేరా అబ్బాయ్! మా ఆయన నా ముల్లు సూడమంటే కళ్ళజోడు ఎతుక్కుంటాడు" అంది అత్త.

నిజమే, అదృష్టమే!

నమోదు 44

బండి బాగుంది. చక్రం కీచుమనడం మానింది.

తాళం ఇచ్చేశాను!

జత తాళం అంటే ఇనుపది కాదు, సూటు లోపల దాచుకునే అంకె. అది ఎవరి దగ్గరుంటే వాళ్ళ మణికట్టు మీద నేనెక్కడున్నానో, నాకెంత గాలి మిగిలిందో, నా గుండె ఎలా కొట్టుకుంటోందో అన్నీ కనబడతాయి. నా చెవి గొట్టంలో వినబడేదంతా వాళ్ళకీ వినబడుతుంది, అందులోంచి నాతో మాట్లాడనూ వచ్చు. ఇంకా రప్పింపు మీట ఉంటుంది. అది నొక్కితే నా సూటు కాళ్ళలోని మోటార్లు వాటంతటవే వెనక్కి తిరిగి నన్ను ఇంటికి నడిపించుకొచ్చేస్తాయి. నేను స్పృహలో లేకపోయినా సరే.

ఆ మీట రావడానికి కారణం హైమ వాళ్ళ నాన్న. ఆయన ఒక్కడే మంచుకెళ్ళి, గాలి తక్కువై, మత్తు కమ్మి, గేటు కనబడుతున్న దూరంలోనే చుట్టూ తిరిగి తిరిగి పడిపోయారు. అప్పటికి హైమకి ఐదేళ్ళు. ఆ తర్వాతే మా పెద్దవాళ్ళు సూట్లకి మోటార్లూ, మీటా పెట్టారు. అందుకే ఊరంతటికీ హైమ అంటే అదో రకమైన మెత్తదనం. తను ఏదడిగినా కాదనడానికి ఎవరికీ నోరు రాదు.

మామూలుగా తాళాలు నిశ్చితార్థం రోజున మార్చుకుంటారు. మేం జత కట్టి ఇంకా నెలైనా కాలేదు. నిన్న చెరువు గట్టు మీద కూర్చున్నప్పుడు హైమ అడిగింది.

"నీ గాలి నాకు కనబడకపోతే నాకు నిద్రెలా పడుతుంది?"

"నిశ్చితార్థం అవ్వనీ, ఇస్తాను కదా" అన్నాను.

"అంటే నా మీద నమ్మకం లేదన్నమాట."

తన కళ్ళలో నీళ్ళు చూసి నా ప్రాణం ఉసూరుమంది. అక్కడికక్కడే ఇచ్చేశాను. తనది అడిగితే, "నేను గేటు ముంగిలి దాటి ఎక్కడికి పోతాను? నా తాళంతో నీకేం పని?" అంది. అదీ నిజమే కదా.

నా బండిలో తాడు పనులు చూసే ఏసుబాబుకి చెబితే వాడు నోరు తెరిచాడు. ఏసుబాబూ నేనూ ఊయల ఈడు నుంచీ స్నేహితులం.

"నిచ్చితార్తం అవ్వకుండానే ఇచ్చేశావేంట్రా? మా బావ పెళ్ళైన రెండేళ్ళకి ఇచ్చేడు. అదీ మా అక్క అన్నం ఎట్టడం మానేత్తానంటే!"

వీడికి కుళ్ళు! కానీ రాస్తున్నాను చూడండి, ఈ క్షణాన హైమకి నా గుండె చప్పుడు కనబడుతోంది. అది ఎంత జోరుగా కొట్టుకుంటోందో తనకి తెలుసు. ఇంతకన్నా ఏం కావాలి?

నమోదు 47

బండి: ముందు దీపం ఒకటి మార్చాను.

నాకు కొత్త పేరొచ్చింది. తాతబ్బాయి అంటే ముసలాడిలా ఉందని హైమ నన్ను తేజ అంటోంది. మా తాత పేరది అన్నాను. "మీ తాత నీకు పేరు పెట్టాడు గానీ నిన్ను ప్రేమించేది నేను" అంది. ఆ మాట విన్నాక ఏ పేరైతే ఏముంది! బండి మీద కూడా తేజ అని రాసుకుందామనుకుంటున్నాను.

ఇప్పుడు బయటికెళ్తే ఒంటరితనమే లేదు. చెవిలో హైమ. మలుపు తిప్పుతుంటే "నెమ్మదిగా" అంటుంది. ఏసుబాబు జోకు వేస్తే "అందులో నవ్వడానికేముంది?" అంటుంది. మొన్న క్యాంటీన్‌లో వడ్డించే అమ్మాయి "పులుసు ఇంకొంచెం వెయ్యనా?" అంటే నేను "నీ చేత్తో వేస్తే వద్దంటానా" అన్నాను. ఊరికే, మాట వరసకి! ఆ అమ్మాయికి పెళ్ళై ఇద్దరు పిల్లలు.

అంతే. హైమ మాట్లాడ్డం మానేసింది. చెవిలో ఉంది, ఊపిరి వినబడుతోంది, కానీ మాట లేదు. ఏం చేశానో చెప్పమని బతిమాలాను. చెరువు దగ్గరికెళ్ళి నిలబడ్డాను. నన్ను చూడనట్టే మరలు తుడుచుకుంది. నాకు అన్నం సహించలేదు. చివరికి క్యాంటీన్‌కి తను లేకుండా వెళ్ళనని మాటిచ్చాను. అప్పుడు ముఖం విప్పారింది. రొయ్యల వేపుడు చేసి తెచ్చింది, తన చేత్తో తినిపించింది. ఎంత కారం వేసిందో, కళ్ళమ్మట నీళ్ళు. కారానికో ఇంకెందుకో నాకు తెలీదు. నేను తప్పు చేస్తే నిలదీసే మనిషి నాకూ ఒకరున్నారని మురిసిపోయాను.

ఏసుబాబుతో కలిసి తినడం కుదరట్లేదు.

నమోదు 49

బండి: వాలు మీద దింపే సాధన మొదలైంది. బ్రేకులు బాగున్నాయి.

ఈరోజు ఊరంతా నన్ను చూసి నవ్వింది! పెద్ద గోతి అంచున బండి ఆపి, దిగి, వాలు ఎంతుందో చూస్తున్నాను. అబ్బ, ఆ చీకటి! దీపం వేస్తే వెలుగు అలా పోయి పోయి ఎక్కడో కరిగిపోయింది. నా గుండె దడదడలాడింది, ఆనందంతోనే. అంతలో నా కాళ్ళు వెనక్కి తిరిగాయి. నేను తిప్పలేదు! అవే తిరిగి టకటకా నడవడం మొదలెట్టాయి. హైమ మీట నొక్కింది. చేతులు గాల్లో ఆడిస్తూ, నోరు మొత్తుకుంటూ, గేటుదాకా నడుచుకుంటూ వచ్చేశాను. వెనక బండిని ఏసుబాబు తోలుకొచ్చాడు.

"గుండె అంత జోరుగా కొట్టుకుంటోంది, నీకేమైందో అని భయపడ్డాను" అంది హైమ.

"పిల్ల భయపడిందిరా, పాపం. వాళ్ళ నాన్న గేపకం వచ్చుంటాడు" అంది వీరమణి అత్త. అందరూ అవునవునన్నారు. నేనూ నవ్వేశాను. నవ్వకపోతే బాగోదు కదా.

సరోజినిగారు నవ్వలేదు. ఆవిడ మామూలుగానే నవ్వరు లెండి.

ఒకటి మాత్రం రాయాలి. కాళ్ళు నా మాట వినకుండా నడుస్తుంటే అవి నా కాళ్ళే కావనిపించింది. సంతోషం అలా ఉండదు. ఎలా ఉందో చెప్పడం నాకు రావట్లేదు.

రాత్రి హైమ "ఆ లాగ్‌లో నా గురించి ఏం రాస్తున్నావు? చూపించు" అంది. బండి సంగతులే అని చెప్పాను. రేపు చూస్తానంది.

నమోదు 50

బండి బాగుంది.

నమోదు 51

బండి బాగుంది. గ్రీజు పెట్టాను.

నమోదు 52

బండి బాగుంది.

నమోదు 53

బండి బాగుంది. సరోజినిగారు నన్ను ఆఫీసుకి పిలిచారు. కుర్చీ చూపించారు.

"ఈమధ్య లాగ్ సరిగ్గా రాస్తున్నావు" అన్నారు.

"ఆయ్. మీరు చెప్పారు కదండీ."

"చెప్పాను. ఏళ్ళ తరబడి చెప్పాను, ఒక్కనాడూ వినలేదు నువ్వు. ఇప్పుడు వింటుంటే నాకు బాగోలేదయ్యా."

నా చెవిలో హైమ కూడా ఈ మాటలు వింటోందని గుర్తొచ్చి "బానే ఉన్నానండీ" అన్నాను. ఆవిడ నా చెవి వంక చూశారు. సూటు విప్పేసినా చెవి గొట్టం తీయడం మానేశాను ఈమధ్య. తీస్తే హైమకి కోపం.

"సరే. రేపు తాళ్ళ సాధన. ఏసుబాబు గోతిలోకి దిగుతాడు, పైన తాడు నువ్వు పట్టుకోవాలి" అన్నారు.

గదికి రాగానే హైమ అడిగింది, ఆవిడ నీ చెవి వంక ఎందుకు చూసిందని. నాకు తెలీదన్నాను. తెలుసన్న సంగతి ఇక్కడ రాస్తున్నాను, తను చదివితే చదవనీ.

నమోదు 54

ఏసుబాబు బతికే ఉన్నాడు. ముందు అది రాయాలి.

పెద్ద గోతి అంచున వాడు తాడు కట్టుకుని దిగాడు. తాడు రెండో కొస నా నడుముకి చుట్టి, చేతుల్లో మెల్లగా వదులుతున్నాను. వాడి గొంతు తప్ప ఇంకేమీ వినకూడదు, అదే సాధన. వాడు "వదులు" అంటే వదలాలి, "ఆపు" అంటే ఆపాలి. హైమ నా చెవిలో ఏదో అడిగింది. నేను పలకలేదు. మళ్ళీ అడిగింది. "ఉండు హైమా" అన్నాను.

అంతే, కాళ్ళు తిరిగాయి.

మోటారు కాళ్ళ బలం ముందు నా బలమెంత! అవి ఇంటివైపు నడుస్తున్నాయి, నడుముకున్న తాడు నాతోపాటే లాక్కొస్తోంది, కింద ఏసుబాబు రాళ్ళ మీద ఈడ్చుకుపోతున్నాడు. "ఒరే! ఒరే ఏం సేత్తన్నావ్! ఆపరా!" అని వాడి కేక. నా పైప్రాణాలు పైనే పోయాయి. నేలమీద బోర్లా పడ్డాను. పడినా కాళ్ళు ఈత కొడుతున్నట్టు ఆడుతూనే ఉన్నాయి. పాక్కుంటూ బండి ముందు కొక్కేనికి తాడు నాలుగు చుట్లు చుట్టాను. తాడు ఆగింది. నా కాళ్ళు ఆగలేదు. "హైమా ఆపు, వాడు చచ్చిపోతాడు, ఆపు!" అని అరిచాను. అరుస్తూనే ఉన్నాను. చాలాసేపటికి ఆపింది.

వాడి భుజం కీలు తప్పింది. గాలి గొట్టం నొక్కుకుపోయింది. ఇంకొంచెం రాసుకుని ఉంటే తెగిపోయేదే. వాణ్ణి పైకి లాగి, బండిలో పడుకోబెట్టి, ఎలా తోలుకొచ్చానో నాకు గుర్తులేదు.

గేటు దగ్గర హైమ ఏడుస్తోంది. "నువ్వు పలకలేదు! నువ్వు పలక్కపోతే నేనేమనుకోవాలి?" అందరూ తన చుట్టూ చేరి వీపు నిమురుతున్నారు. ఏసుబాబుని మోసుకెళ్తున్నవాళ్ళు ఇద్దరే. నేనేం చేశానో తెలుసా? హైమ ముందు మోకాళ్ళ మీద కూర్చుని క్షమించమని అడిగాను. పలకనందుకు!

నేనడిగాను. నేనే.

నమోదు 55

ఈరోజు జరిగింది గుక్క తిప్పుకోకుండా రాస్తాను, లేకపోతే ధైర్యం పోతుంది.

పొద్దున్న బండి దుమ్ము దులపడానికి బయల్దేరాను. గేటు దగ్గర హైమ సూటు వేసుకుని ఎదురుచూస్తోంది. ఇద్దరం రాజీ పడ్డట్టే లెక్క. నా మెడ తాళం మూడుసార్లు చూసి "నీది చూశాను" అంది. నేను అలవాటుగా వంగి తన గాలి ముల్లు చూడబోయాను. తను దాని మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"నాది నేను చూసుకున్నాను."

"చూడనీ, ఒక్కసారి" అని నవ్వుతూ చెయ్యి పక్కకి జరపబోయాను. విదిలించి కొట్టింది. గట్టిగానే. గ్లవ్‌కున్న ఇనుప పట్టీ నా హెల్మెట్‌కి టక్కున తగిలింది.

"నన్ను అనుమానిస్తున్నావా?"

"అనుమానం కాదు, జత చూపు కదా" అన్నాను. అంటూ అంటూ నా నోరు అలాగే ఉండిపోయింది. నేను ఇంతవరకూ హైమ గాలి ముల్లు చూడలేదు! ఒక్కసారంటే ఒక్కసారి కూడా! మా ఊళ్ళో పరాయివాళ్ళ ముల్లు చూస్తాం, పోట్లాడుకున్నవాళ్ళ ముల్లు కూడా చూస్తాం. నా ప్రాణమని చెప్పుకుంటున్న మనిషిది నాకు కనబడనివ్వలేదు. తన తాళం నా దగ్గర లేదు. తను ఎక్కడుందో, ఎవరితో మాట్లాడుతోందో నాకెప్పుడూ తెలీదు. నేనేమో ఇంత తిన్నాను, అంత నవ్వాను, ఇలా మలుపు తిప్పాను అని ప్రతిదానికీ లెక్క చెప్పుకున్నాను. పేరు కూడా మార్చుకున్నాను. రెండు మాటలు వినబడితేగానీ తియ్యకూడని గేటుని వీరమణి అత్త రోజూ ఒక్క మాటకే తీసింది, ఊరంతా చూస్తూ నిలబడింది. కాపలా కాసేవాళ్ళంటే ప్రేమించేవాళ్ళే అని మేమందరం నమ్మేశాం. గాలి లేని చోట పెరిగాం కదా, మాకు అలాగే అనిపిస్తుంది.

"హైమా, నా తాళం మార్చుకుంటాను" అన్నాను.

తన ముఖం తెల్లబోయింది. "మార్చు. పెద్ద గోతిలోకి పో. నువ్వు దిగిన నిమిషానికి నేను బయటికొచ్చి మెడ తాళం విప్పేస్తాను. మా నాన్న దగ్గరికి పోతాను."

నిన్నటిదాకా అయితే అక్కడే కాళ్ళ మీద పడేవాణ్ణి. ఈరోజు మాత్రం వెనక్కి తిరిగి వీరమణి అత్తతో గట్టిగా చెప్పాను: "అత్తా, హైమ ప్రాణం తీసుకుంటానంటోంది. వాళ్ళమ్మనీ డాక్టరమ్మనీ పిలవండి. గేటు తియ్యకండి."

అత్త నన్ను చూసి కళ్ళెర్రజేసింది. "తండ్రి లేని పిల్లరా! దానితో ఇలాగ మాట్టాడతావా?"

"అందుకే పిలవమంటున్నానత్తా. నేనొక్కణ్ణే ఎలా కాపాడతాను?"

అత్త హైమ మెడ తాళం వంక చూసింది. గేటు తెరుచుకోకుండా బిగించి, అప్పుడు వాళ్ళని పిలిచింది.

వాళ్ళమ్మ వచ్చింది, డాక్టరమ్మ వచ్చింది. హైమని కూర్చోబెట్టి సూటు విప్పించారు. తను నావంకే చూస్తోంది. ఆ చూపులో భయం నిజం. ఐదేళ్ళ పిల్ల గేటు దగ్గర నిలబడి నాన్న రాలేదని చూసిన చూపు అదే అయ్యుంటుంది. నాకు జాలేసింది, ఇప్పటికీ వేస్తోంది. కానీ తన భయం తీరడానికి నా కాళ్ళు తాకట్టు పెట్టలేను. ఏసుబాబు భుజం అసలే పెట్టలేను.

ఇచ్చిన తాళం వెనక్కి తీసుకోవడం కొత్తలంకలో ఇంతవరకూ ఎవరూ చెయ్యలేదు. ఎలా చెయ్యాలో కూడా ఎవరికీ తెలీదు. ఇద్దరు సాక్షులుండాలని ఎవరో అన్నారు. భుజానికి కట్టు కట్టుకుని ఏసుబాబు లేచొచ్చాడు.

"నేనుంటాను సాచ్చిగా. నా బుజం కూడా సాచ్చే. ఇద్దరం అయిపోయాం" అన్నాడు.

సరోజినిగారు "భుజం లెక్కలోకి రాదు, నేనుంటాను" అన్నారు. ఈసారి నవ్వారు! నేను చూశాను, కొంచెమే అయినా నవ్వారు.

అంకె మార్చాను. చెవి గొట్టం తీసి జేబులో పెట్టుకున్నాను. చెవి కొత్తగా, చల్లగా ఉంది.

నమోదు 60

బండి పెద్ద గోతిలో ఉంది! నేను పెద్ద గోతిలో ఉన్నాను! కొత్తలంకతో సిగ్నలు తెగిపోయింది. వెనక ఏసుబాబు (కట్టు విప్పేదాకా ప్రయాణం ఆపించాడు మహానుభావుడు), పక్కన సరోజినిగారు. బండి ఆపి ఇది రాస్తున్నాను. వాళ్ళు బయట మంచు తవ్వుతున్నారు.

బయల్దేరే ముందు హైమ వాళ్ళమ్మ సూటు వేసుకుని గేటు దగ్గరికొచ్చింది. హైమ డాక్టరమ్మ దగ్గర ఉందట, నిద్రపోతోందట, అన్నం తింటోందట. "తాళం తిరిగిస్తేనే నీతో మాట్టాడతానంది బాబూ" అని మెల్లగా చెప్పింది. ఇవ్వలేనని చెప్పాను. ఆవిడ తల ఊపి, నా మెడ తాళం చూసి "నీది చూశాను నాన్నా" అంది. నేను ఆవిడది చూశాను. వీరమణి అత్త రెండో మాట కూడా వినేదాకా గేటు తియ్యలేదు.

ఇక వాలు! దిగుతుంటే వెనక అంచు మీది వెలుగు సన్నగిల్లి సన్నగిల్లి ఒక గీతై, ఆ గీతా మాయమైంది. చక్రాల కింద నేల కరకరమంది. ఎవరూ "నెమ్మదిగా" అనలేదు. నేనే నెమ్మదిగా తోలాను. నా గుండె చప్పుడు ఎవరికీ కనబడ్డం లేదు, ఎంత కొట్టుకుంటే అంత కొట్టుకోనిచ్చాను.

అడుగున ఒక పెద్ద బండరాయి ఎదురొచ్చింది. దానికి అటో దారి, ఇటో దారి. మ్యాపులో ఏమీ లేదు, ఇక్కడికి ఎవరొచ్చారు కనక.

"డ్రైవరువి నువ్వు. ఎటు పోదాం?" అన్నారు సరోజినిగారు.

నేను ఆగాను. ఎవరో చెబుతారని చెవి ఒగ్గి కూర్చున్నాను. ఎంతసేపు అలా కూర్చున్నానో, "ఏరా, నిద్దరపోయావా?" అన్నాడు ఏసుబాబు. అప్పుడు తెలిసింది నేను ఎవరి మాట కోసం ఆగానో.

"ఎడమకి" అన్నాను.

ఎడమకి తోలాను. మంచి దారే, వెడల్పుగా ఉంది, హుషారొచ్చింది, వేగం పెంచాను. మలుపు తిరిగితే నిలువెత్తు గోడ! దారి లేదు. బండి తిప్పడానికి కూడా చోటు లేదు, అంత దూరం వెనక్కి తోలాలి. బ్యాటరీ దండగ, టైము దండగ.

"తప్పైపోయిందండీ. నేను సరిగ్గా చూసుకోలేదు. కావాలని కాదండీ, దీపం సరిగ్గా పడలేదు, కోప్పడకండి, ఇంకెప్పుడూ..."

"ఎందుకయ్యా కోపం?" సరోజినిగారు మ్యాపులో గీత గీస్తున్నారు. "ఇటు దారి లేదని మనకి తెలిసింది. వెనక్కి తోలు."

నేను ఏసుబాబు వైపు తిరిగాను. వాడి ముఖం మాడి ఉంటుందనుకున్నాను. వాడు సీటు వెనక్కి వాల్చుకుంటున్నాడు.

"నెమ్మదిగా తోలరా. నువ్వు తోలేలోగా నాకో కునుకు పడద్ది."

వెనక్కి తోలుతుంటే ముందు అద్దం మసకబారింది. తుడిస్తే పోలేదు. మసక అద్దంలో కాదు, నా కళ్ళలో. ఏడుస్తూనే నవ్వొచ్చింది. నవ్వుతూనే బండరాయి దగ్గర కుడివైపు తిప్పాను. దీపం వెలుగు ముందుకి పోయి ఈసారి కరిగిపోలేదు. నేలంతా తెల్లగా, చూపు ఆననంత దూరం తళతళా మెరిసింది. మంచు! ఏసుబాబు లేచి నా వీపు మీద బాదాడు. సరోజినిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

మంచు ఎంతుందో సరోజినిగారు రాస్తారు. రేపు ఊరంతా ఆ కబురే చెప్పుకుంటుంది, చెరువు నిండుతుందని గంతులేస్తారు. నాకు మాత్రం ఇంకోటి రాసుకోవాలనుంది. ఈరోజు నేను తప్పు దారి పట్టించాను, నాతో మాట్లాడ్డం ఎవరూ మానలేదు.